ఫ్రిజ్ డిస్పెన్సర్‌లో నీళ్లు రావు, ఐసు పడదు: నేను వెతికే వరస

గ్లాసు పెట్టి మీట నొక్కితే నీళ్లు రావు. వచ్చినా సన్నగా దారంలా వస్తాయి. ఐసు బటన్ నొక్కితే లోపల మోటారు గుర్రుమంటుంది, ముక్క మాత్రం పడదు. రెండు తలుపుల ఫ్రిజ్ ఉన్న ఇళ్లలో వినపడే ఫిర్యాదులు ఇవే. అందరూ ముందు డిస్పెన్సర్‌నే అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు ఫ్రిజ్ దాకా వచ్చే నీళ్లది: ప్రెషర్ చాలదు, ఫిల్టరు పూడిపోయి ఉంటుంది, ఉప్పునీళ్లకు వాల్వు పట్టేసి ఉంటుంది. అందుకే గోడ దగ్గరి ట్యాప్‌తో మొదలుపెట్టి, నీళ్లు వెళ్లే దారి వెంటే గ్లాసు దాకా వస్తాను.

స్క్రూడ్రైవర్ తీయకముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. డిస్‌ప్లే మీద తాళం గుర్తు వెలుగుతోందేమో చూడాలి. పిల్లలున్న ఇంట్లో ఇది మామూలే. ఆ బటన్‌ని 3 సెకండ్లు నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్లలో లాక్ పోతుంది. తర్వాత ఫ్రీజరు తలుపు. అది తెరిచి ఉంటే డోర్ స్విచ్ డిస్పెన్సర్‌ని పనిచేయనివ్వదు. లోపల డబ్బా ఏదైనా ముందుకు జరిగి తలుపుకు అడ్డంపడితే బయటికి మూసుకున్నట్టే కనిపిస్తుంది, స్విచ్ మాత్రం నొక్కుకోదు.

ఇక అసలు ప్రశ్న: నీళ్లూ ఐసూ రెండూ ఆగాయా, ఒకటే ఆగిందా? రెండూ ఆగితే తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట వెతకాలి. అంటే సరఫరా, ఫిల్టరు, ఫ్రిజ్ వెనక ఉండి, కాయిల్‌కు కరెంటు అందినప్పుడు నీళ్లను లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వు. ఐసు మామూలుగా తయారవుతూ నీళ్లు మాత్రం రాకపోతే సరఫరా బాగున్నట్టే. తలుపులోని పైపు గడ్డకట్టిందనో, మీట వెనక స్విచ్ పోయిందనో, వాల్వులో నీళ్లవైపు కాయిల్ కాలిందనో అనుకోవాలి. నీళ్లు బాగా వస్తూ ఐసు లేకపోతే ఫ్రీజరు చల్లదనం, ఐస్ మేకర్, దానిలోకి నీళ్లు పోసే గొట్టం చూడాలి. ఈ ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన చోట్లు సగానికి తగ్గిపోతాయి. అయినా ఫోన్లో అడిగితే ఎక్కువమంది "ఫ్రిజ్ పనిచేయట్లేదండీ" అనే చెప్తారు.

ముందు ప్రెషర్ సంగతి. మన అపార్ట్‌మెంట్లలో దీనికి మించిన చిక్కు లేదు. పైపు కనెక్షన్‌తో నడిచే ఫ్రిజ్‌లకు కంపెనీలు అడిగే కనీస ప్రెషర్ మామూలుగా 20 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), గరిష్ఠం 120. మన ప్లంబర్ల లెక్కలో 20 అంటే కేజీన్నరకు కాస్త తక్కువ. టెర్రస్ మీది ట్యాంకు నుంచి నీళ్లు వచ్చే ఇంట్లో ఆ ప్రెషర్ ఎత్తు మీదే ఆధారపడుతుంది. మీటరు ఎత్తుకు 1.4 పీఎస్ఐ వస్తుంది, అంతే. ట్యాంకు అడుగు టెర్రస్ నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. చిట్టచివరి అంతస్తులో ఫ్రిజ్ వెనక, నేలకు దగ్గరగా ఉండే వాల్వుకు ఆ ట్యాంకు 5 మీటర్ల పైన ఉన్నట్టు. అంటే 7 పీఎస్ఐ. ఒక్కో అంతస్తు దిగితే మరో 4 కలుస్తుంది. పైనుంచి లెక్కేస్తే నాలుగో అంతస్తుకు గానీ 20 రాదు, అదీ నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నప్పటి లెక్క. ధార మొదలయ్యాక సన్న పైపులో ఇంకా తగ్గుతుంది. పై అంతస్తుల్లో ఫ్రిజ్‌ని నేరుగా ట్యాంకు లైనుకు కలిపి, నీళ్లు రావట్లేదని ఫ్రిజ్‌ని తిట్టుకోవడంలో న్యాయం లేదు.

ఇది తేల్చుకోవడానికి గేజీ కూడా అక్కర్లేదు. గోడ దగ్గరి వాల్వు కట్టేసి, ఫ్రిజ్ ప్లగ్గు తీసి, వెనకనున్న పావు అంగుళం పైపును ఫ్రిజ్ వైపు నుంచి ఊడదీయాలి. పైపును నొక్కి దూర్చే రకం (పుష్-ఫిట్) కనెక్టరైతే దాని కాలర్‌ని లోపలికి నొక్కి పట్టుకుని పైపును లాగితే వచ్చేస్తుంది. దాని కొసను లీటరు సీసాలో పెట్టి వాల్వు తిప్పితే, నిమిషం లోపు సీసా నిండాలి. నిండకపోతే ఫ్రిజ్‌ని వదిలేసి సరఫరా వైపు వెళ్లాలి. ఇంతకంటే తేలిక పరీక్ష డిస్పెన్సర్ దగ్గరే ఉంది: 240 మిల్లీలీటర్ల కప్పు 8 సెకండ్లలో నిండితే కనీస ప్రెషర్ ఉన్నట్టే.

ఫ్రిజ్‌ని గోడకు నెట్టేటప్పుడు పైపు మడతపడటం కూడా ఇక్కడే బయటపడుతుంది. వెనక పైపును చుట్టలుగా కనీసం రెండు మీటర్లు వదలాలి. ఒకసారి గట్టిగా మడతపడిన పైపు సరిచేసినా అక్కడే మళ్లీ మడుచుకుంటుంది; ఆ ముక్క కోసి జాయింటు వేయడమో, పైపు మొత్తం మార్చడమో మేలు. కోసేటప్పుడు బ్లేడుతో నిటారుగా, కోత ఏటవాలు కాకుండా కోయాలి. కోత ఏటవాలైతే పుష్-ఫిట్ లోపలి రబ్బరు ఓ-రింగు మీద సరిగా కూర్చోదు. మొదట పొడిగానే ఉండి, రాత్రి ప్రెషర్ పెరిగినప్పుడు బొట్టుబొట్టుగా కారుతుంది.

ఆర్‌వో నీళ్లు కలపాలనుకునేవాళ్లు ఇంకో మాట తెలుసుకోవాలి. మన ఇళ్లలో గోడకు తగిలించే ఆర్‌వోలో బూస్టర్ పంపు ఉంటుంది, కానీ అది నీళ్లను శుద్ధిచేసే పొర, అంటే మెంబ్రేన్‌లోకి తోయడానికే. శుద్ధమైన నీళ్లు లోపలి ప్లాస్టిక్ ట్యాంకులో పడి, అక్కడి నుంచి వాటి బరువుకు అవే ట్యాప్‌లోకి దిగుతాయి. ఆ ట్యాప్ దగ్గర ప్రెషర్ దాదాపు సున్నా. 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్ల) మెంబ్రేన్ అంటే గంటకు సుమారు 12 లీటర్లు; డిస్పెన్సర్‌కు కావలసింది నిమిషానికి లీటరు పైన. అందుకే ఆర్‌వో ట్యాంకుకు టీ జాయింటు వేసి ఫ్రిజ్‌కి లైను లాగితే పనిచేయదు. సరైన దారి, సింకు కింద పెట్టే రకం ఆర్‌వో. దానికి గాలి సంచి ఉన్న ఇనుప ట్యాంకు వస్తుంది, అందులో నీళ్లు ప్రెషర్‌తో నిలవ ఉంటాయి. లేదా ఇప్పుడున్న ఆర్‌వో తర్వాత వేరే బూస్టర్ పంపు, ప్రెషర్ నిండగానే దాన్ని ఆపే స్విచ్, ఒక గాలి సంచి ట్యాంకు పెట్టించాలి. ఉత్త పంపు పెడితే ప్రెషర్ వస్తుంది గానీ ధార సన్నగానే ఉంటుంది. ట్యాంకులో నీళ్లు అయిపోయినప్పుడు పంపు పొడిగా తిరగకుండా ఆపే స్విచ్ కూడా తప్పనిసరి.

గాలి సంచి ట్యాంకు పెట్టిన కొన్నేళ్లకు ధార తగ్గితే ముందు అనుమానించాల్సింది అందులోని గాలినే. నీళ్లన్నీ ఖాళీ చేసి, అడుగున లేదా పక్కన ఉన్న నీలం మూత తీస్తే బైకు టైరుకు ఉన్నలాంటి వాల్వు కనపడుతుంది. ఖాళీ ట్యాంకులో 7, 8 పీఎస్ఐ గాలి ఉండాలి. తగ్గితే టైరు పంపుతోనే కొట్టొచ్చు. నీళ్లుండగా కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు. వాల్వులోంచి గాలికి బదులు నీళ్లొస్తే లోపలి సంచి చిరిగినట్టు, ట్యాంకు మార్చాల్సిందే.

తర్వాతిది ఫిల్టరు. ఫ్రిజ్‌లో ఉండేది కార్బన్ ఫిల్టరు. క్లోరిన్ వాసన, రుచి, మట్టి నలుసులు పడుతుంది. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) తగ్గించదు, నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు మందు కాదు. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లు దీన్ని దాటే ప్రాంతాల్లో ఫ్రిజ్ ఫిల్టరును నమ్ముకోవద్దు. దాని ఆయువు కంపెనీలు చెప్పేది 6 నెలలు, లేదా మోడల్‌ను బట్టి 750 నుంచి 1100 లీటర్లు, ఏది ముందైతే అది. హైదరాబాద్‌లో మంజీరా నీళ్లు వచ్చే ఇంట్లో ఈ లెక్క సరిపోవచ్చు. ట్యాంకరు నీళ్ల మీద నడిచే ఇంట్లో అంతకంటే చాలా ముందే పూడిపోతుంది. డిస్‌ప్లే మీద వెలిగే ఎర్ర లైటు చాలా మోడళ్లలో రోజులనో, పోసిన నీళ్లనో లెక్కేసి వెలుగుతుంది. ఫిల్టరు లోపల ఎంత మట్టి ఉందో దానికి తెలియదు.

ఫిల్టరే కారణమా అన్నది తేల్చడం చాలా తేలిక. దాన్ని తీసి, దాని చోట ఫ్రిజ్‌తో వచ్చిన, ఫిల్టరు లేకుండానే నీళ్లు పోనిచ్చే బైపాస్ మూత పెట్టి కప్పు పరీక్ష మళ్లీ చేయాలి. కొన్ని మోడళ్లలో మూత లేకుండానే, ఫిల్టరు తీయగానే నీళ్లు పక్కదారి పడతాయి. ధార పెరిగితే దొంగ దొరికినట్టే. ముందే ఆర్‌వో నీళ్లు కలిపిన ఇంట్లో ఫిల్టరు తీసేసి బైపాస్ మూతే ఉంచేయడం మంచిది. ఉన్న కాస్త ప్రెషర్‌ని ఫిల్టరు మింగేస్తుంది తప్ప పెద్ద లాభం లేదు.

కొత్త ఫిల్టరు పెట్టేటప్పుడు ఓ-రింగును నీళ్లతో తడిపితే చాలు, నూనె, వేజ్‌లైన్ పూయకూడదు. సగం తిప్పి వదిలేస్తే లోపలికి కారుతుంది, ఆఖరి టక్కు దాకా తిప్పాలి. చవకగా దొరికే నకిలీ ఫిల్టర్లలో మర సరిగా కూర్చోక హౌసింగ్ పగిలే ప్రమాదం ఉంది. కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తున్నాయంటే ముందు అక్కడే వెతకండి. పెట్టాక 10 నుంచి 12 లీటర్లు వదిలేయాలి. ఏకధారగా కాకుండా 5 సెకండ్లు నొక్కి, 5 సెకండ్లు ఆగి, మళ్లీ నొక్కాలి. అప్పుడే లోపల చిక్కుకున్న గాలి బయటికొస్తుంది. మొదట నీళ్లు నల్లగా వస్తే అది కార్బన్ పొడి. పాలలా తెల్లగా ఉండి, గ్లాసులో అడుగు నుంచి పైకి తేటపడితే గాలి బుడగలు. రెండూ వాటంతటవే పోతాయి. ఆ నీళ్లు మొక్కలకు పోసుకోవచ్చు.

గాలి సరిగా బయటికి రాకపోతే ఇంకో ఇబ్బంది వస్తుంది. నీళ్లు ఆపిన తర్వాత కూడా నాజిల్ నుంచి చుక్కలు పడుతూనే ఉంటాయి. చిక్కుకున్న గాలి నొక్కుకుపోయి, మళ్లీ వ్యాకోచిస్తూ నీళ్లను బయటికి తోస్తుంది. ఫిల్టరు మార్చిన వెంటనే ఇలా జరిగితే ఇంకో 8, 10 లీటర్లు అదే పద్ధతిలో వదిలితే ఆగుతుంది. ఎన్నాళ్లకూ ఆగకపోతే ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి చూడండి. కరెంటు లేకపోయినా చుక్కలు పడుతుంటే ఇన్‌లెట్ వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదన్నమాట. లోపల ఇసుక రేణువో, సున్నపు పెచ్చో అడ్డుపడి ఉంటుంది. ప్లగ్గు తీయగానే ఆగిపోతే వాల్వు బాగానే ఉంది, దానికి ఆగకుండా కరెంటు అందుతోంది: మీట వెనక మైక్రోస్విచ్ ఇరుక్కుంది, లేదా బోర్డులో కరెంటును వదిలే స్విచ్ (రిలే) అతుక్కుంది. ఐస్ మేకర్ నిండి పొంగి కింద డబ్బాలో ముద్ద కడుతున్నప్పుడూ ఇదే పరీక్ష. అన్నట్టు, డిస్పెన్సర్ కింద ఉండే చిన్న ట్రే చాలా ఫ్రిజ్‌లలో దేనికీ కలిపి ఉండదు. అందులో పడ్డ నీళ్లు ఎక్కడికో పోతాయనుకుని గ్లాసు కడిగినవాళ్ల ఇంట్లో చెక్క క్యాబినెట్ ఉబ్బుతుంది.

వాల్వు మూసుకోవడంలో ప్రెషర్‌కూ పాత్ర ఉంది. కాయిల్‌కు కరెంటు ఆగగానే స్ప్రింగుతో పాటు లైనులోని నీళ్లే వాల్వు లోపలి రబ్బరు పొరను (డయాఫ్రాన్ని) నొక్కి మూస్తాయి. ప్రెషర్ మరీ తక్కువైతే ఆ నొక్కుడు చాలదు, వాల్వు వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది. ప్రెషర్ తక్కువైతే నీళ్లు తక్కువ రావాలి గానీ కారడమేమిటని ఆశ్చర్యపోతారు, కారణం ఇదే. కాబట్టి ప్రెషర్ సరిచేయకుండా కొత్త వాల్వు వేసినా మళ్లీ మొదటికే.

వాల్వు ఫ్రిజ్ వెనక కింది మూలలో, అట్ట లేదా రేకు మూత లోపల ఉంటుంది. మన దగ్గర చాలావాటికి 230 వోల్టులు అందుతాయి కాబట్టి ప్లగ్గు తీయకుండా చేయి పెట్టొద్దు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. నీళ్లు లోపలికొచ్చే మూతిలో సన్న జాలీ ఉంటుంది. ఉప్పునీళ్ల ఇళ్లలో అది తెల్లటి పెచ్చుతో, పాత ఇనుప పైపులున్న చోట తుప్పుతో పూడుతుంది. పాత టూత్ బ్రష్‌తో కడిగి పెట్టాలి. కడిగి విసుగొచ్చి జాలీ తీసి పారేసినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత వచ్చే మొదటి ఇసుక రేణువు నేరుగా డయాఫ్రం కింద కూర్చుంటుంది. చాలా మోడళ్లలో వాల్వు మీద రెండు కాయిళ్లుంటాయి, ఒకటి నీళ్లకు, ఒకటి ఐసుకు. వైర్లు ఊడదీసి మల్టీమీటరుతో రెండింటి ఓములూ కొలవండి. ఏదో ఒక అంకె చూపించాలి. ఏ అంకే చూపించకపోతే ఆ కాయిల్ కాలినట్టు, వాల్వు మొత్తంగా మార్చాలి.

ఇక నీళ్లు ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. అడుగున లేదా కూరగాయల ట్రేల వెనక చుట్టలా ఉండే చిన్న ట్యాంకులో చల్లబడి, తలుపు కింది కీలు గుండా తలుపులోకి ఎక్కుతాయి. మొదటి గ్లాసు చల్లగా, మూడోది గోరువెచ్చగా ఉంటే అది లోపం కాదు. ఆ ట్యాంకు చిన్నది, మళ్లీ చల్లబడటానికి గంటలు పడుతుంది.

అసలు మొండి సమస్య తలుపులోని పైపుతోనే. డిస్పెన్సర్ ఫ్రీజరు తలుపు మీద ఉండే మోడళ్లలో ఆ సన్న పైపు తలుపు ఫోములోంచి పోతుంది. బయటవైపు వంటింటి వేడి, లోపలివైపు మైనస్ 18 డిగ్రీలు. ఐసు తొందరగా కావాలని ఫ్రీజరును మైనస్ 22, 23కి దింపినప్పుడు, పైగా డిస్పెన్సర్‌ని రోజుల తరబడి వాడనప్పుడు, పైపులో నిలిచిన నీళ్లు గడ్డకడతాయి. గుర్తు ఇలా ఉంటుంది: మీట నొక్కితే వెనక వాల్వు తెరుచుకునే గుయ్యిమనే చప్పుడు వినిపిస్తుంది, ఐసు మామూలుగా తయారవుతుంది, నాజిల్ నుంచి చుక్క రాదు. ఖాయం చేసుకోవాలంటే ప్లగ్గు తీసి, కింది కీలు దగ్గర పైపు జాయింటు విప్పి, కింద గుడ్డ పరచి, తలుపువైపు పైపులోకి గాలి ఊదాలి. నాజిల్ దగ్గర గాలి తగలకపోతే లోపల గడ్డ ఉన్నట్టే.

కరిగించడానికి తొందర పనికిరాదు. ఫ్రీజరు ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, తలుపు తెరిచి కొన్ని గంటలు వదిలేయడం అన్నిటికంటే క్షేమం. తొందరగా కావాలంటే హెయిర్ డ్రయ్యరును తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి తలుపు లోపలి ప్లాస్టిక్ మీద కదుపుతూ పట్టాలి. ఒకే చోట పెడితే ప్లాస్టిక్ వంకరపోతుంది. లేదా పైపులో పట్టేంత సన్న గొట్టాన్ని సిరంజికి తగిలించి, కింది జాయింటు నుంచి గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా ఎక్కించొచ్చు. మరిగే నీళ్లు వద్దు. కత్తి, స్క్రూడ్రైవర్‌తో పొడవడం అసలే వద్దు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో చల్లబరచడానికి వాడే ఆర్-600ఏ గ్యాసు మండే వాయువు; గ్యాసు పైపుకు చిల్లు పడితే నీళ్ల పైపు రిపేరు కాస్తా కంప్రెసర్ దాకా వెళ్తుంది. అదే కారణానికి హీట్ గన్, నిప్పు దగ్గరికి రానీయకూడదు. కరిగాక ఫ్రీజరును మైనస్ 18కి తెచ్చి, రోజూ ఒకటి రెండు గ్లాసులైనా నీళ్లు పట్టుకోవాలి. ఇలా చేసినా మళ్లీ మళ్లీ గడ్డకడితే కొన్ని మోడళ్లకు ఆ పైపు దగ్గర పెట్టే చిన్న హీటర్ కిట్ కంపెనీ దగ్గర దొరుకుతుంది, అడగండి.

ఐసు వైపు వద్దాం. కొత్తగా పెట్టిన ఫ్రిజ్‌లో మొదటి ఐసుకు 24 గంటలు ఓపిక పట్టాలి, మొదటి రెండు మూడు వాయిలు పారబోయాలి. ఫ్రీజరు మైనస్ 18 దగ్గర నిలకడగా ఉంటేనే ఐస్ మేకర్ సరిగా నడుస్తుంది. రేటింగ్ స్టిక్కరు మీద క్లైమేట్ క్లాస్ 'టీ' అని ఉంటే 43 డిగ్రీల వాతావరణం దాకా పనిచేసేలా తయారైందని అర్థం. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో బయట అది దాటే రోజులుంటాయి. గోడకు ఆనించి పెట్టిన ఫ్రిజ్‌లో ఆ నెల ఐసు నిదానిస్తే యంత్రాన్ని విప్పకుండా ముందు వెనకా పక్కలా గాలి ఆడేలా జరపండి.

ఐసు ముక్కలు చిన్నవిగా, బోలుగా వస్తున్నాయంటే మళ్లీ నీళ్ల దగ్గరికే రావాలి. వాల్వులో ధారను నియంత్రించే రబ్బరు వాషరు ఉంటుంది. ప్రెషర్ కనీసానికి పైన ఉన్నంతసేపు అది సమానంగా వదులుతుంది. వాల్వు ఇన్ని సెకండ్లని లెక్కపెట్టి తెరుచుకుంటుంది కాబట్టి ధార సన్నగిలితే ట్రే నిండదు. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో వర్ల్‌పూల్ తరహా పాత ఐస్ మేకర్ ఎక్కువ కనిపిస్తుంది. అర్ధచంద్రాకారపు ముక్కలు 8 పడతాయి, 7.5 సెకండ్లలో 140 మిల్లీలీటర్లు నిండుతుంది. దాని ముందు మూత తీస్తే నీళ్ల కొలత మార్చే స్క్రూ ఉంటుంది, అర చుట్టు తిప్పితే 20 మిల్లీలీటర్లు మారుతుంది. ప్రెషర్ తక్కువైన ఇంట్లో ఆ స్క్రూ తిప్పి సర్దుకోవాలని చూడటం దండగ. ఇక్కడ అమ్మే మోడళ్లలో ఎక్కువగా ట్రే మెలితిరిగి ముక్కలు రాల్చే రకం ఉంటుంది. దానికి పరీక్ష బటన్ ఉంటుంది, కొన్ని సెకండ్లు నొక్కి పట్టుకుంటే ట్రే తిరిగి, వెనక్కి వచ్చి, నీళ్లు నింపుకోవాలి. తిరిగి నీళ్లు పడకపోతే నింపే గొట్టం చివర ఐసు అడ్డుపడిందేమో వేలితో చూడండి. వాల్వు కారుతున్నా, ప్రెషర్ తక్కువై చుక్కలుగా పడినా ఆ గొట్టంలోనే గడ్డ పేరుకుంటుంది. అసలు తిరగకపోతే మోటారో, ట్రే కింది సెన్సరో పోయినట్టు. డబ్బా నిండిందో లేదో చూసే చెయ్యి పైకెత్తి ఇరుక్కున్నా, లైటు సెన్సరు అద్దం మీద ఆవిరి పట్టినా నిండిందనుకుని ఆపేస్తుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

ఐసు ఉండీ బయటికి రాకపోవడం వేరే జబ్బు. బటన్ నొక్కితే మోటారు మూలుగుతుంటే డబ్బాలో ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. డబ్బా తీసి సింకులో బోర్లించి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి. తడి మిగిలితే కొత్త ముక్కలు దానికే అంటుకుంటాయి. డబ్బా బయట ఉండగానే డోర్ స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకుని ఐసు మీట నొక్కి చూడండి: లోపల మోటారు కొక్కెం తిరిగితే మోటారు బాగుంది. డబ్బా వెనక చక్రం, ఆ కొక్కెం ఒకే వాటంలో లేకపోతే డబ్బా లోపలికి పూర్తిగా పోదు. చక్రాన్ని చేత్తో పావు చుట్టు తిప్పితే కూర్చుంటుంది. చప్పుడే లేకపోతే మీట వెనక మైక్రోస్విచ్ చూడాలి. మల్టీమీటరును కంటిన్యుటీలో (బీప్ మోడ్‌లో) పెట్టి నొక్కితే బీప్ రావాలి, వదిలితే ఆగాలి.

ముక్కలు ఎందుకు అతుక్కుంటాయన్నది చూడకపోతే వారానికోసారి డబ్బా కడగాల్సిందే. ఐసు జారే దారికి చివర రబ్బరు అంచున్న చిన్న తలుపు ఉంటుంది. ఐసు పడ్డాక కొన్ని సెకండ్లకు టక్‌మని మూసుకుంటుంది. ఆ ఆలస్యం, ఆ చప్పుడు మామూలే. ఐసు తునక ఒకటి దాని అంచున ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి బయటి తేమ గాలి లోపలికెళ్లి మంచుగా పేరుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. డిస్పెన్సర్ గూడులో చేయి పెట్టినప్పుడు చల్లగాలి తగిలినా, అక్కడ చెమట పట్టినా అనుమానించండి. గోరువెచ్చటి గుడ్డతో రబ్బరు అంచు తుడిచి, తడి ఆరనివ్వాలి. ఐసు వాడకం తక్కువైన ఇంట్లో ఏ లోపం లేకుండానే ముక్కలు అతుక్కుంటాయి. చలికాలంలో ఐస్ మేకర్ ఆపేసుకోవడం నయం.

రుచి గురించి క్లుప్తంగా రెండు మాటలు. ఐసుకు చేపల పులుసు వాసన వస్తోందంటే ఫిల్టరు తప్పు కాదు, మూత లేని గిన్నెల తప్పు. ఐసు కరిగాక గ్లాసు అడుగున తెల్లటి పొడి మిగిలితే అది నీళ్లలోని సున్నం. గడ్డకట్టేటప్పుడు ఖనిజాలు విడిపోయి అలా మిగులుతాయి.

పైపు కనెక్షన్ లేకుండా తలుపులోనే నీళ్లు పోసుకునే ట్యాంకు ఉన్న మోడళ్లకు ఈ ప్రెషర్ గొడవ లేదు. అక్కడ తప్పు దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే: ట్యాంకు అడుగున ఉండే సిలికాన్ వాల్వు సరిగా కూర్చోకపోవడం, దానికి సున్నం పట్టడం. ట్యాంకును తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెడితే కారడం ఆగాలి. సున్నానికి లీటరు నీళ్లలో టేబుల్ స్పూను నిమ్మ ఉప్పు కలిపి, వాల్వును అరగంట నానబెట్టి, బాగా కడగాలి. వారానికోసారి ట్యాంకు కడగకపోతే అడుగున జిగురు పడుతుంది. వేడి నీళ్లు, షర్బత్, మజ్జిగ అందులో పోయకూడదు.

తలుపు ఫోములో ఉన్న పైపు చిట్లినా, పై కీలు దగ్గర తలుపు తీసిమూసి తీసిమూసి లోపలి వైర్లు తెగినా, బోర్డు రిలే పోయినా ఇంట్లో చేసే పని కాదు. మెకానిక్‌ను పిలిచేటప్పుడు ఫ్రిజ్ లోపలి పక్కగోడ మీద స్టిక్కరు ఫోటో తీసి పంపండి, వాల్వు, ఫిల్టరు మోడల్‌ను బట్టి మారతాయి. దాంతో పాటు నాలుగు సంగతులు రాయండి: ఐసు, నీళ్లు రెండూ ఆగాయా, కప్పు ఎన్ని సెకండ్లలో నిండుతోంది, బైపాస్ మూతతో తేడా వచ్చిందా, ప్లగ్గు తీస్తే కారడం ఆగిందా. ఇవి తెలిస్తే కావలసిన పార్టు మొదటి రాకలోనే తెచ్చుకుంటాడు.